మాడిన నూనెకు పద్దు లేదు

ఏటా ఆగస్టు 10న మనదేశంలో ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం జరుపుతారు. కేంద్ర పెట్రోలియం శాఖ 2015లో ఈ ఆనవాయితీ మొదలుపెట్టింది. ఆ రోజు జరిగే సభల్లో ఒక వాక్యం తప్పకుండా వినబడుతుంది. "1893 ఆగస్టు 10న సర్ రుడాల్ఫ్ డీజిల్ వేరుశనగ నూనెతో ఇంజన్ నడిపి చూపించాడు" అని. పోర్ట్ బ్లెయిర్‌లో నేను రెండుసార్లు విన్నాను. (2024 సెప్టెంబరు నుంచి ఈ ఊరి పేరు శ్రీ విజయపురం. నోటికి అలవాటు కావడానికి ఇంకా కొంతకాలం పడుతుంది.) రెండుసార్లూ చప్పట్లు కొట్టారు. రెండోసారి నేను కొట్టలేదు.

అందులో నా గొప్పేమీ లేదు. 2006లో మా సంఘం చిన్న పత్రికకి రాసిన వ్యాసంలో నేనూ అచ్చం ఆ వాక్యమే రాశాను. ఎక్కడో చదివాను, ఎత్తి రాశాను. బాబాల మహిమలకి ఆధారాలు అడిగేవాణ్ణి, ఆ వాక్యానికి ఆధారం అడగాలని తోచలేదు. ఈ వ్యాసం అందుకు సవరణ అనుకోండి. ఉద్యోగంలో ఉండగా మేం తప్పు పద్దుని చెరిపేసేవాళ్ళం కాదు. ఎర్రసిరాతో గీతగీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టేవాళ్ళం. ఇదీ అంతే.

జరిగిందేమిటి? 1893 ఆగస్టు 10న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో డీజిల్ తన మొదటి నమూనా యంత్రాన్ని పరీక్షించిన మాట నిజం. అందులో పోసింది పెట్రోలు. యంత్రం సరిగ్గా నడవనూ లేదు. ఒక్కసారి మండింది, పీడనం కొలిచే పరికరం పేలిపోయింది, డీజిల్ ప్రాణాలతో బయటపడ్డాడు. సంతృప్తిగా పనిచేసే ఇంజన్ తయారుకావడానికి 1897 దాకా పట్టింది. అంటే మనం వేరుశనగ నూనె పేరుమీద పండగ చేసుకుంటున్నది ఒక పేలుడు రోజున.

మరి వేరుశనగ కథ ఉత్తిదేనా? కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఆటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపింది. ఈ సంగతి 1912లో డీజిలే స్వయంగా చెప్పాడు. ఆయన చెప్పినదాని ప్రకారం ఆ ఇంజన్ ఖనిజతైలం కోసం తయారైనది. ఏ మార్పూ చెయ్యకుండానే వేరుశనగ నూనెతో నడిచింది. అది చూసినవాళ్ళలో చాలామందికి లోపల ఏం నూనె పోశారో కూడా తెలియలేదట. ఆలోచన ఆయనది కాదు, ఫ్రెంచి ప్రభుత్వానిది. ఆఫ్రికాలోని వాళ్ళ వలసల్లో వేరుశనగ విస్తారంగా పండుతుంది. బొగ్గూ చమురూ ఓడలమీద పంపే ఖర్చు లేకుండా అక్కడి నూనెతోనే అక్కడి యంత్రాలు నడిపితే ఎలా ఉంటుందని వాళ్ళ లెక్క. ఆ తర్వాత డీజిల్ కూడా ఆ ప్రయోగాలు చేశాడు, భవిష్యత్తులో వీటికి విలువ రావచ్చన్నాడు.

సభల్లో చెప్పే కథలో రైతుల కోసం ఇంజన్ కనిపెట్టిన ఋషి ఉంటాడు. అసలు కథలో వలసరాజ్యం రవాణా ఖర్చు ఉంటుంది. నాకైతే రెండోదే ఆసక్తిగా ఉంది.

ఋషి కథకి తోక కూడా ఉంది. 1913 సెప్టెంబరు 29 రాత్రి డీజిల్ ఆంట్వెర్ప్ నుంచి ఇంగ్లండు వెళ్ళే డ్రెస్డెన్ అనే ఓడలోంచి మాయమయ్యాడు. కొన్ని రోజుల తర్వాత సముద్రంలో శవం దొరికింది. అప్పటికాయన అప్పుల్లో మునిగి ఉన్నాడు. అయినా "చమురు కంపెనీలే చంపించాయి, వేరుశనగ రహస్యం బయటపడుతుందని" అనే ప్రచారం ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. పదమూడేళ్ళ క్రితమే పారిస్‌లో జనం ముందు నడిపి చూపిన విషయం రహస్యం ఎలా అవుతుందో ఆ పంపేవాళ్ళు చెప్పరు.

ఇంతకీ నూనె నేరుగా పోస్తే ఇంజన్ నడుస్తుంది కదా, మరి బయోడీజిల్ ఎందుకు? చిక్కదనం. వంటనూనె డీజిల్‌కంటే పదింతల చిక్కన. కొద్ది గంటలు నడుస్తుంది, తర్వాత ఇంజెక్టర్ మొనలో మసి పేరుకుంటుంది, రింగులు అంటుకుపోతాయి. ఒక ప్రదర్శన నడవడానికీ ఒక ఏడాది నడవడానికీ ఉన్న తేడా ఇదే. హేతువాదులకి ఈ తేడా బాగా తెలియాలి. నిప్పులమీద నాలుగడుగులు ఎవరైనా నడుస్తారు, నిలబడమంటేనే కదా అసలు సంగతి బయటపడేది.

దీనికి విరుగుడు బెల్జియంలో దొరికింది. 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ అనే శాస్త్రవేత్త పామాయిల్‌ని ఆల్కహాలుతో కలిపి ఎస్టర్లుగా మార్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1938లో ఆ ఇంధనంతో బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కి ఒక బస్సు నడిచింది. ఆ పామాయిల్ బెల్జియం వలస అయిన కాంగోది. అక్కడా అదే లెక్క. ఈరోజు మనం బయోడీజిల్ అనేది ఇదే. నూనె అణువు అంటే గ్లిజరిన్ వెన్నెముకకి మూడు కొవ్వు ఆమ్లాల తోకలు. మిథనాల్ కలిపి, కాస్టిక్ సోడా లాంటి క్షారం కొద్దిగా వేసి, వేడిచేసి కలియబెడితే మూడు తోకలూ ఊడి మిథనాల్‌తో జతకడతాయి. గ్లిజరిన్ బరువుగా అడుక్కి చేరుతుంది, పైన పల్చటి ఇంధనం తేలుతుంది. తూకం వేస్తే 100 కిలోల నూనెకి సుమారు 11 కిలోల మిథనాల్ ఖర్చయి, దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల చిల్లర గ్లిజరిన్ వస్తాయి. జమా ఖర్చూ సరిపోతాయి. నాలాంటి బీకాం వాడికి రసాయనశాస్త్రంలో నచ్చేది ఇదే, అక్కడ బ్యాలెన్సు షీటు అబద్ధమాడదు.

యుద్ధం అయిపోయాక చమురు చవకైంది, అందరూ దీన్ని మర్చిపోయారు. 1973లో చమురు ధర నెత్తికెక్కాక మళ్ళీ గుర్తొచ్చింది. దక్షిణాఫ్రికాలో పొద్దుతిరుగుడు నూనెతో, ఆస్ట్రియాలో ఆవజాతి గింజల నూనెతో పనులు మొదలయ్యాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో హోటళ్ళూ ఇళ్ళూ పారేసే నూనెని పోగుచేసి, 1990ల మధ్య నుంచి సిటీ బస్సులకి వాడారు. వేయించిన నూనె విషయంలో చెప్పుకోదగ్గ మొదటి ఊళ్ళలో అదొకటి.

ఇప్పుడు నా రెండో ఎర్రసిరా గీత.

1996లో నేను ఇక్కడే రక్షణశాఖ లెక్కల విభాగంలో ఉన్నాను. పేపరు మెయిన్‌ల్యాండ్ నుంచి ఆలస్యంగా వచ్చేది. ఆ సెప్టెంబరులో వచ్చిన వార్త ఏమిటంటే, తమిళనాట రాజపాళయం దగ్గర రామర్ పిళ్ళై అనే పెద్దగా చదువుకోని యువకుడు ఏవో ఆకులు నీళ్ళలో మరిగించి, ఉప్పూ నిమ్మరసం కలిపి పెట్రోలు తయారుచేస్తున్నాడని. సామాన్యుల మాట సరే, ఢిల్లీలో శాస్త్రవేత్తల ముందే ప్రదర్శన జరిగింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఉత్సాహపడింది. తమిళనాడు ప్రభుత్వం ఆదరించింది.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, సాయంత్రం కూర్చుని, ఈ దీవులకి ఓడల్లో వచ్చే డీజిలు, పెట్రోలు ఆకులతో తయారైతే ఎంత మిగులుతుందో రెండు ఫుల్‌స్కేప్ కాగితాల మీద లెక్కవేశాను. కూడికలో ఎక్కడా తప్పులేదు. మొదటి అంకే అబద్ధం. నీళ్ళలో కార్బన్ లేదు. గుప్పెడాకుల్లో లీటరు పెట్రోలుకి కావలసినంత కార్బన్ ఉండదు. తొమ్మిదో తరగతి పుస్తకం చాలు. ఓచరు అడక్కుండా లక్షల బిల్లు పాస్ చేసినవాడికి ఆఫీసులో ఏ గతి పడుతుందో నాకు తెలుసు, అయినా నేను అదే పని చేశాను. ఎందుకు చేశానో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. వాడు పల్లెటూరి కుర్రాడు, చదువులేనివాడు, ఎదురుగా పెద్దపెద్ద చమురు కంపెనీలు. నిజమైతే బాగుండును అనిపించే కథ అది. బాబాల కథలు నాకెప్పుడూ అలా అనిపించలేదు, అందుకే వాటిని సులువుగా కొట్టెయ్యగలిగాను.

తర్వాత సంగతి తెలిసిందే. మద్రాస్ ఐఐటీలో జాగ్రత్తగా కాపలాకాసి చేయించిన ప్రదర్శనలో పెట్రోలు రాలేదు. కలియబెట్టే కడ్డీ బోలుగా ఉండేదనీ, అందులో పెట్రోలు నింపి కొసకి మైనం పెట్టేవాడనీ, వేడికి మైనం కరిగి పెట్రోలు గిన్నెలోకి దిగేదనీ తేలింది. అబ్రహాం కోవూర్ తన సవాలులో మోసానికి వీల్లేని పరిస్థితుల్లో చేసి చూపాలని ఎందుకు పట్టుపట్టాడో దీన్ని చూస్తే అర్థమవుతుంది. బాబాల గురించి ఆయన రాసుకున్న షరతు శాస్త్రవేత్తల ప్రయోగశాలకీ అవసరమైంది. పిళ్ళై ఆ తర్వాత కూడా తన పేరుతో ఇంధనం అమ్మాడు. సీబీఐ కేసు పెట్టింది. 2016 అక్టోబరులో చెన్నై కోర్టు మూడేళ్ళ కఠిన కారాగారశిక్ష విధించింది. ఇరవైయేళ్ళు పట్టింది.

మూడోది ఇంకా దగ్గరది. 2003లో ప్రణాళికా సంఘం జట్రోఫా మీద పెద్ద నివేదిక ఇచ్చింది. మన పల్లెల్లో అడవి ఆముదం అనేదే. 1 కోటి 12 లక్షల హెక్టార్లలో వేస్తే 2011-12కల్లా డీజిల్‌లో 20 శాతం కలపవచ్చన్నారు. అంతకుముందే 2002 డిసెంబరు 31న ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది రైలుని 5 శాతం బయోడీజిల్‌తో నడిపి చూపారు. ఇది మోసం కాదు, పిళ్ళై కడ్డీ లాంటిది అసలే కాదు. గింజలో నూనె ఉంది, నూనె ఇంధనమవుతుంది, అన్నీ నిజాలే. "బీడునేలలో, నీరు లేకుండా, ఎరువు లేకుండా విరగకాస్తుంది" అన్న ఒక్క వాక్యం మాత్రం ఎవరూ పొలంలో కొన్నేళ్ళు చూసి రాసినది కాదు. మొక్క బతికింది. కాయలే కాయలేదు.

విజయనగరం జిల్లాలో మా బావమరిదికి మూడెకరాల మెట్ట ఉండేది. 2006లో నా మాటమీద అందులో ఉలవలు మానేసి అడవి ఆముదం వేశాడు. గింజలు మేమే కొంటామని కాగితం రాసిచ్చినవాళ్ళు మూడో ఏడు ఫోనెత్తలేదు. వాళ్ళు ఎత్తినా ఇవ్వడానికి గింజలు ఎన్ని ఉన్నాయి కనక, రెండు బస్తాలు. తను నన్ను ఒక్కమాట కూడా అనలేదు. ఆ చేను దున్ని మళ్ళీ ఉలవలు చల్లడానికి మాత్రం మొదళ్ళు పీకించే కూలీకి నేను డబ్బు పంపిస్తే తిప్పి పంపేశాడు.

ఇదే రంగంలో నిలబడ్డ పని లేదా అంటే ఉంది. ఆదిలాబాద్ జిల్లాలో గోండు, కొలాం గూడేల్లో ఆడవాళ్ళ సంఘాలు అడవిలో ఎప్పట్నుంచో ఉన్న కానుగ చెట్ల గింజలు ఏరి నూనె తీశాయి. చల్‌బర్డిలో ఆ నూనెతో జనరేటరు నడిపారు. పవర్‌గూడ సంఘం 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన తగ్గింపుని ప్రపంచ బ్యాంకుకి 645 డాలర్లకి అమ్మింది. చిన్న అంకెలే. కాని అక్కడ చెట్టు ముందే ఉంది, గింజ ముందే రాలుతోంది. కొత్తగా నమ్మవలసింది ఏమీ లేదు.

నా దృష్టి వేయించిన నూనె మీదికి మళ్ళింది అందుకే. అది ముందే ఉంది. దాన్ని పండించనక్కర్లేదు. 2018లో రిటైరయ్యాక మా అమ్మాయి ఇక్కడే ఉంటోందని నేనూ ఇక్కడే ఉండిపోయాను. నౌకాదళంలో ఇంజన్ రూములో పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన, నేనూ కలిసి ఒక ఆదివారం రెండు లీటర్ల కాగిన నూనెతో బయోడీజిల్ చెయ్యబోయాం. మిథనాల్ విషం, ఆవిరి కూడా మంచిది కాదు, మంట కళ్ళకి సరిగ్గా కనబడదు. కాబట్టి ఆరుబయట, చేతులకి గ్లవుజులు, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని మొదలెట్టాం. గంట తర్వాత మాకు దొరికింది రెండు లీటర్ల సబ్బు. జావలాంటి, గోధుమరంగు, ఉల్లిపాయ పకోడీ వాసనవేసే సబ్బు.

కారణం రెండు. పదేపదే కాగిన నూనెలో తోకలు కొన్ని ముందే ఊడిపోయి విడి కొవ్వు ఆమ్లాలుగా ఉంటాయి. అవి క్షారంతో కలిస్తే సబ్బు. నీళ్ళున్నా సబ్బే. బజ్జీల నూనెలో నీళ్ళుంటాయి, ఈ దీవుల గాలిలో ఇంకా ఎక్కువుంటాయి. ముందుగా నూనెని కాచి నీరు పోగొట్టి, టైట్రేషన్ చేసి ఆమ్లం ఎంతుందో చూసి, దానికి తగినంత క్షారం వెయ్యాలి. ఆమ్లం మరీ ఎక్కువుంటే మొదట గంధకామ్లంతో ఒక విడత చెయ్యాలి. మూడోసారికి లీటరున్నర వచ్చింది. డీజిల్‌లో అయిదోవంతు కలిపి పంపుసెట్టులో పోస్తే నలభై నిమిషాలు నడిచింది, పొగలో బజ్జీల వాసన. నలభై నిమిషాలు నడవడం రుజువు కాదని పైన నేనే రాశాను, గుర్తుంది.

ఇక అసలు లెక్క. దీవుల్లో కరెంటు చాలాభాగం డీజిల్‌తోనే. డిగ్లిపూర్ దగ్గర కల్పాంగ్‌లో 5.25 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది, సౌర కేంద్రాలు వచ్చాయి, అయినా డీజిలే ముఖ్యం. అదంతా బంగాళాఖాతం దాటి ఓడల్లో రావాలి. విశాఖ నుంచి ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. కాబట్టి "హోటళ్ళ నూనెతో దీవులకి స్వావలంబన" అని ఎవరైనా అంటే వినడానికి ఇంపుగా ఉంటుంది. చూద్దాం.

2021లో కేంద్రం చెప్పిన అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి 2,700 కోట్ల లీటర్ల వంటనూనె వాడుతున్నాం. హోటళ్ళు, క్యాంటీన్ల లాంటి పెద్ద వాడకందారుల నుంచి 140 కోట్ల లీటర్లు తిరిగి సేకరించవచ్చు, దానినుంచి 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ వస్తుంది. జనాభాతో భాగిస్తే మనిషికి ఏడాదికి లీటరు వాడిన నూనె. 2011 జనగణనలో దీవుల జనాభా 3,80,581. అంటే 3 లక్షల 80 వేల లీటర్ల నూనె, దానినుంచి సుమారు 3 లక్షల లీటర్ల బయోడీజిల్. బాగానే ఉంది కదా?

20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రం ఒకటి పూర్తి సామర్థ్యంతో నడుస్తోందనుకోండి. బాంబూ ఫ్లాట్‌లో హైదరాబాద్ కంపెనీ ఒకటి కట్టినది ఆ పరిమాణమే. లీటరు డీజిల్‌కి మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు వస్తాయి. గంటకి 5 వేల లీటర్లకి పైగా కావాలి. బయోడీజిల్‌లో లీటరుకి శక్తి ఏడెనిమిది శాతం తక్కువ కూడా. 3 లక్షల లీటర్లు రెండు రోజుల పైచిల్లరకి సరి. టూరిస్టులు తినే చేపల వేపుళ్ళు కలిపి మూడింతలు చేసినా ఒక వారం. మిగతా 51 వారాలూ ఓడ కోసం ఎదురుచూడాల్సిందే. పైగా లీటరు నూనెకి 200 మిల్లీలీటర్ల మిథనాల్ పోస్తాం, మిగిలింది తిరిగి పట్టుకోకపోతే పోతుంది. ఆ మిథనాల్ కూడా ఓడలోనే రావాలి.

కాబట్టి కరెంటు కోసం అయితే ఈ పని వద్దు. ఇక్కడ ఫ్యాక్టరీ కూడా వద్దు. కాకినాడలో 2008లో మొదలైన యూనివర్సల్ బయోఫ్యూయల్స్ కర్మాగారం మొదట్లో సామర్థ్యమే ఏడాదికి సుమారు లక్షన్నర టన్నులు. మన దీవుల ఏడాది నూనె మొత్తం, దాదాపు 350 టన్నులు, దానికి ఒక్కరోజు మేతకి చాలదు. ఇక్కడికి సరుకు తెచ్చిన ఓడలు తిరుగు ప్రయాణంలో తేలిగ్గానే వెళ్తాయని రేవులో పనిచేసిన ఎవరైనా చెబుతారు. పీపాల్లో పట్టి అటు పంపడమే పద్ధతి.

మరి రెండు రోజుల కరెంటు కోసం ఇంత గోల ఎందుకంటారా? ఆ 3 లక్షల 80 వేల లీటర్లు ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయో చూడాలి కనక.

సెల్యులార్ జైలు చూడ్డానికి వచ్చిన బంధువులకి నేను గానుగ చూపిస్తాను. 1906లో పూర్తయిన ఆ జైల్లో ఖైదీని ఎద్దులా గానుగకి కట్టి, రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తియ్యమనేవారు. ఆవాలైతే 10 పౌన్లు. తియ్యలేకపోతే శిక్ష. 30 పౌన్లంటే 13.6 కిలోలు. లీటర్లలో 15కి ఒక గుక్క తక్కువ. అంటే ఇవాళ ప్రతి హోటలు వెనకా పేర్చి ఉండే నూనె డబ్బా ఒకటి. అందులో ఉన్న శక్తిని జనరేటరులో పోస్తే యాభై యూనిట్ల కరెంటు. మనిషి రోజంతా నడుం విరిగేలా చేసే పని అర యూనిట్ చిల్లర. ఆ డబ్బా జైలు రిజిస్టరులో ఔన్సుతో సహా రాసేవారు. ఎవరు తీశారు, ఎంత తీశారు, ఎంత తగ్గింది అని. దీవుల చరిత్రలో నూనెకి అంత కచ్చితంగా పద్దు రాసినది ఆ ఒక్కచోటే, అదీ శిక్ష వెయ్యడానికి.

నా ఉద్యోగంలో వంటశాలల రేషను లెక్కలు చాలా చూశాను. నూనె వచ్చినట్టు ఒక కాలమ్, ఖర్చయినట్టు ఒక కాలమ్. మూకుడులో మిగిలిన నల్లటి నూనెకి కాలమ్ లేదు. ఖాళీ డబ్బాకి ఉంది, గోనెసంచికి ఉంది, దానికి లేదు. ముప్పయ్యేళ్ళపాటు ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నేను అడగలేదు. పద్దులో లేనిది లోకంలోనూ లేదనుకోవడం మా వృత్తికి పట్టిన మూఢనమ్మకం.

ఆ కాలమ్ 2019లో వచ్చింది. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ, నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. నూనె పదేపదే కాగినప్పుడు విరిగి తయారయ్యే పదార్థాలివి. ఒక్క బజ్జీతో ఎవరూ పోరు, అలా భయపెట్టేవాళ్ళు కూడా మనకి అక్కర్లేదు. రోజూ అదే తినేవాడికి మాత్రం మంచిది కాదు. ఆ ఆగస్టులోనే వాడిన నూనెని బయోడీజిల్‌కి మళ్ళించే కార్యక్రమం మొదలైంది. 2019 మార్చి 1 నుంచి, రోజుకి 50 లీటర్లకి మించి నూనె వాడే దుకాణాలు ఎంత కొన్నారు, ఎంత పారేశారు, ఎవరికిచ్చారు అని రాసిపెట్టాలి. ఆ ఏడు ఆగస్టు 10న చమురు కంపెనీలు 100 ఊళ్ళలో ఈ బయోడీజిల్ కొంటామని ప్రకటించాయి. మొదటి ఏడు లీటరు 51 రూపాయలు, రెండో ఏడు 52.70, మూడో ఏడు 54.50. 2021 మే 4న ఢిల్లీలోని టిక్రీకలాన్ టెర్మినల్ నుంచి మొదటి లారీ బయల్దేరింది. శతాబ్ది రైలు, వేరుశనగ ఋషి, వీటన్నిటికంటే ఈ మూడు గళ్ళ రిజిస్టరే నాకు పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

కాని 51 రూపాయల అంకెని పట్టుకుని వెనక్కి రండి. అందులో మిథనాల్, రవాణా, కర్మాగారం ఖర్చు తీసేస్తే, నూనె సేకరించేవాడు హోటలుకి ముప్పై చిల్లరకంటే ఎక్కువ ఇవ్వలేడని నా అంచనా. హోటలు నల్ల నూనెకి ఇంకో కొనుగోలుదారు ఉంటాడు, అతను అంతకి రెట్టింపు ఇస్తాడు. ఎందుకంటే అతనికి పోటీ డీజిల్‌తో కాదు, కొత్త పామాయిల్‌తో. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసిన వారాల్లో ఆ తేడా ఇంకా పెరిగింది.

ఆ కొనుగోలుదారు జంగ్లీఘాట్‌లో నాకు రోజూ కనబడుతుంది. సోంపేట వైపు నుంచి ముప్పయ్యేళ్ళ క్రితం వచ్చిన మనిషి. 2011 లెక్కల్లో దీవుల జనాభాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 13 శాతం. జంగ్లీఘాట్‌లో సాయంత్రం నడిస్తే అంతకంటే ఎక్కువే అనిపిస్తుంది. ఆవిడ పునుగులు, మిరపకాయ బజ్జీలు వేస్తుంది. తినేది చేపల రేవు కూలీలు, ఆటోవాళ్ళు, బడి వదిలాక పిల్లలు. నూనె సగం కొత్తది, సగం ఒక హోటలు నుంచి.

"నల్లబడ్డ నూనె పారబొయ్యాలమ్మా, ఆరోగ్యానికి మంచిది కాదు" అన్నాను మొదటిసారి.

"ఏటి బాబూ అలగంటారు? పారబొయ్యమంటే పారబోత్తాను. ఆ డబ్బులెవులిత్తారు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ రోజు వాడకం మూడు నాలుగు లీటర్లు. 50 లీటర్ల నిబంధన ఆవిడని తాకదు. ఆవిడకి అమ్మే హోటలుని తాకాలి. కాని అక్కడ మూడో గడిలో ఎవరి పేరు రాస్తున్నారో నేను చూడలేదు.

కిందటి డిసెంబరులో ఆవిడకో నోటుబుక్కు ఇచ్చాను. రాయడం రాదంది, ఆవిడ మనవరాలు ఏడో తరగతి, అది రాస్తానంది. నెలరోజులు రాసింది. కొత్త నూనె 52 లీటర్లు, హోటలు నూనె 44, మొత్తం 96. నెలాఖరుకి మూకుడు అడుగున వాడడానికి ఇక బొత్తిగా పనికిరాక వడగట్టి పక్కన పెట్టింది 11 లీటర్లు. ఇన్నాళ్ళూ అది కాలవలోకి పోయేదట. మిగిలిన 85 లీటర్లూ తిన్నవాళ్ళ పొట్టల్లోకే.

ఆ పదకొండు లీటర్లూ లీటరు ముప్పై చొప్పున నేనే కొన్నాను. 330 రూపాయలు. ఆవిడ నవ్వింది, మనవరాలు మాత్రం కొత్త గీత గీసి జమలో రాసుకుంది. డబ్బా మా వరండాలో ఉంది. ఓడలో పీపాలు పంపడానికి ఎవరి అనుమతి కావాలో, కనీసం ఎన్ని లీటర్లుంటే తీసుకుంటారో అడుగుతూ రెండు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబు వచ్చింది, ఇంకో శాఖని అడగమని. హోటలు నూనె 44 లీటర్ల సంగతి ఆ ఉత్తరంలో రాయలేదు. రాస్తే ముందుగా ఆగేది హోటలు అమ్మకం కాదు, ఆవిడ బండి.